ఫౌజు మోసుకొచ్చే జమ్హూరియత్ నిలబడుతుందా?

 

రెండు మాటలు నేను తరచూ వింటుంటాను. మొదటిది: "మీ ముస్లిం దేశాలకి ప్రజాస్వామ్యం పడదు భాయ్. అమెరికా ఇరవై ఏళ్ళు నేర్పినా కాబూల్ ఏమైందో చూశావుగా!" రెండోది మా జిల్లా దాటి ఎటు వెళ్ళినా వినపడేది: "మీ పల్నాటోళ్ళకి ఓట్లెందుకయ్యా, లాఠీ చాలు."

మొదటి మాట నన్ను ముస్లింగా చూసి అనేది. రెండోది పల్నాటివాడిగా చూసి అనేది. రెండింటి మతలబు ఒక్కటే. కొన్ని కౌములకు, కొన్ని సీమలకు జమ్హూరియత్ ఒంటబట్టదట. ఎవరో పైనుంచి వచ్చి నేర్పాలట. నేర్చుకోకపోతే కర్ర తియ్యాలట.

ఈ రెండు మాటలకీ కలిపి ఈరోజు జవాబు చెబుతాను. పరాయి ఫౌజు తెచ్చిపెట్టే జమ్హూరియత్ నిలబడదు. అయితే దానికి కారణం అక్కడి అవామ్ చేతకానివాళ్ళు కావడం కాదు. జమ్హూరియత్ అంటే రెండే రెండు హక్కులు. నా మీద అధికారం చలాయించేవాణ్ణి దించే హక్కు, ఓడిపోయినా నా ఊళ్ళో నేను బతికే హక్కు. పరాయి ఫౌజు మొదటిది ఇవ్వదు, ఎందుకంటే దించాల్సింది తననే. రెండోది ఇవ్వలేదు, ఎందుకంటే అది ఊళ్ళో పుట్టే ఎత్బార్ (నమ్మకం), విమానంలో వచ్చే సరుకు కాదు.

దూరం పోకుండా ముందు మా పల్నాడు తారీఖ్ చూడండి.

పరాయి హుకూమత్ దయతో ఇచ్చిన జమ్హూరియత్ రుచి మా తాతలకు తెలుసు. 1919లో ఇంగ్లీషువాళ్ళు మాంటేగు, చెమ్స్‌ఫర్డ్ సంస్కరణలని తెచ్చారు. 1920లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఎన్నికలు జరిగాయి. మంత్రులొచ్చారు, శాసనమండలి వచ్చింది. ఓటు మాత్రం ఆస్తిపరులకే. ఇంకో కిటుకు కూడా పెట్టారు. విద్య, వైద్యం, స్థానిక సంస్థల వంటివి మంత్రుల చేతికిచ్చి, పోలీసునూ భూమి శిస్తునూ గవర్నరు దగ్గరే అట్టిపెట్టుకున్నారు. బడి మీది, తుపాకీ మాది. ఆసుపత్రి మీది, శిస్తు మాది. దీని పేరు స్వపరిపాలన!

అదే రోజుల్లో పల్నాటి రైతు పశువును అడవిలోకి తోలితే పుల్లరి కట్టమన్నారు. మద్రాసులో మంత్రులు కొలువుదీరి ఏడాది దాటింది కదా, వాళ్ళ దగ్గరికి పోయి ఈ పుల్లరి ఎత్తేయించవచ్చు కదా అని ఇప్పుడు ఎవరైనా అడగవచ్చు. ఏం చేస్తారు పోయి? పశువులు తోలుకునే బక్కరైతుకు ఓటూ లేదు, పోలీసు మీద మంత్రికి పెత్తనమూ లేదు. అందుకే జనం అడవి సత్యాగ్రహానికి దిగారు. పుల్లరి కట్టం అన్నారు, అధికారులకు సహాయ నిరాకరణ చేశారు. 1922 ఫిబ్రవరిలో మించాలపాడులో కన్నెగంటి హనుమంతును కాల్చి చంపారు.

పరాయివాడు ఇచ్చే జమ్హూరియత్ అసలు సూరత్ ఇదే. పెట్టె మనకిస్తాడు, తాళంచెవి తన దగ్గరే ఉంచుకుంటాడు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, కాబూల్ పోయినప్పుడు పనికొస్తుంది.

ఇప్పుడు నా వాదనకు అడ్డంపడే అసలైన సవాల్ తీసుకుంటాను. "మరి హైదరాబాద్ సంగతేంటి? 1948లో ఇండియా ఫౌజే కదా నిజాం సల్తనత్‌ను కూల్చింది? తర్వాత ఎన్నికలు జరగలేదా? నిలబడలేదా?" అంటారు. న్యాయమైన ప్రశ్నే. మా మాచర్ల, గురజాల, దాచేపల్లి వైపు నుంచి కృష్ణ దాటితే అవతల నిజాం రాజ్యమే. రజాకార్ల జుల్మ్‌కు భయపడి ఇటువైపు జిల్లాలకు వచ్చి తలదాచుకున్న కుటుంబాలు ఎన్నో. ఈ ప్రశ్నను నేను దాటేసి పోలేను.

1948 సెప్టెంబరు 13న ఫౌజు కదిలింది. 17న నిజాం లొంగిపోయాడు. అంతకుముందు ఆగస్టులో నిజాం హుకూమత్ ఐక్యరాజ్యసమితికి ఫిర్యాదు చేసింది, పరాయి దేశం మా మీద పడుతోందని. కానీ నల్లగొండ పల్లెల్లో సామాన్యుడికి ఇండియా ఫౌజు పరాయిది అనిపించలేదు. చాలాచోట్ల స్వాగతం పలికారు. ఇది హకీకత్, కాదనడం బేఇమానీ.

అయితే ఆ నేల మీద జమ్హూరియత్ మొలిచింది ట్యాంకుల వల్లేనా? కానే కాదు. విత్తనం ఎప్పుడో పడింది. 1930లో జోగిపేటలో ఆంధ్ర మహాసభ మొదటి సమావేశం జరిగింది. 1938లో ఉస్మానియా విద్యార్థులు వందేమాతరం గొడవలో బయటికి నడిచారు, స్టేట్ కాంగ్రెస్ పుట్టింది, దాని మీద నిషేధం పడింది. విసునూరు దేశ్‌ముఖ్‌తో తన భూమి కోసం కోర్టులో కొట్లాడి ప్రాణం పోగొట్టుకున్న షేక్ బందగీ ఒక మామూలు ముస్లిం రైతు. 1946 నుంచి తెలంగాణ పల్లెలు దొరల మీద తిరగబడ్డాయి. 1948 ఆగస్టులో, ఫౌజు రావడానికి నెల రోజుల ముందు, ఇమ్రోజ్ పత్రిక ఎడిటర్ షోయబుల్లా ఖాన్‌ను నడివీధిలో నరికి చంపారు. ఆయన రాసింది ఉర్దూలో, రాసింది రజాకార్లకు వ్యతిరేకంగా, అడిగింది అవామ్ హుకూమత్. ముస్లింకు జమ్హూరియత్ పడదు అనేవాళ్ళు ముందు ఆయన పేరు తెలుసుకోవాలి.

అంటే పద్దెనిమిదేళ్ళపాటు జనం సభలు పెట్టారు, తీర్మానాలు చేశారు, జైళ్ళకు పోయారు, చచ్చిపోయారు. ఫౌజు ఐదు రోజుల్లో తలుపు బద్దలుకొట్టిందేమో గానీ ఇల్లు కట్టింది ఫౌజు కాదు.

ఇంకో ముఖ్యమైన తేడా ఉంది. దీన్ని ఎవరూ చెప్పరు. 1952 ఎన్నికల్లో హైదరాబాద్ అవామ్ ఓటేసింది తమ అసెంబ్లీకి మాత్రమే కాదు, ఢిల్లీ పార్లమెంటుకు కూడా. ఫౌజును పంపిన హుకూమత్‌నే దించగలిగే ఓటు వాళ్ళ చేతిలో పడింది. దాన్ని వాళ్ళు ఎలా వాడారు? కమ్యూనిస్టులు సాయుధ పోరాటం విరమించింది 1951 అక్టోబరులో. కొద్ది నెలల్లోనే, పార్టీ మీద నిషేధం ఉన్నందున పీడీఎఫ్ పేరుతో పోటీ చేసి అసెంబ్లీలో 42 సీట్లు గెలిచారు. ఆ ఫౌజు ఎవరినైతే అడవుల్లో వేటాడిందో వాళ్ళకే నల్లగొండ జనం ఓట్లు గుద్దారు. అక్కడ గెలిచిన రావి నారాయణరెడ్డి గారికి పండిట్ నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లొచ్చాయి. కృష్ణకు అవతల, మాకు ఎదురుగా ఉన్న హుజూర్‌నగర్ ఉపఎన్నికలో ఇన్‌ఖిలాబీ షాయర్ మఖ్దూం మొహియుద్దీన్ గెలిచాడు. ఢిల్లీకి నచ్చనివాణ్ణి ఎన్నుకుంటే ఢిల్లీ ఒప్పుకుంది. జమ్హూరియత్ అంటే అది.

బాగ్దాద్ పౌరుడికి వాషింగ్టన్ హుకూమత్‌ను దించే ఓటు ఎవరైనా ఇచ్చారా? కాబూల్ పౌరుడికి? ఇవ్వలేదు, ఇవ్వరు. ఇదే పరాయితనం. సరిహద్దు గీతను బట్టి, మజ్‌హబ్‌ను బట్టి, జబాన్‌ను బట్టి కాదు పరాయి అనేది. నా మీద తుపాకీ ఎక్కుపెట్టే అధికారం ఉండి, నాకు జవాబు చెప్పే జిమ్మేదారీ లేనివాడు పరాయి.

హైదరాబాద్ కథలో చెడిన భాగం కూడా చెప్పాలి, ఎందుకంటే అది సరిగ్గా ఫౌజు పాలన భాగమే. సెప్టెంబరు దాడి తర్వాత ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో ముస్లింల మీద జరిగిన ఖత్లేఆమ్‌ను విచారించడానికి భారత ప్రభుత్వమే పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ వంటివారితో కమిటీని పంపింది. కమిటీ అంచనా ప్రకారం చనిపోయినవాళ్ళు తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేలమంది. కొన్నిచోట్ల ఫౌజు, పోలీసు మనుషులు కూడా దోపిడీల్లో, హత్యల్లో పాల్గొన్నారని రాసింది. ముస్లిం పొరుగువాళ్ళను ప్రాణాలకు తెగించి కాపాడిన హిందువుల గురించి కూడా రాసింది. ఆ రిపోర్టును హుకూమత్ ప్రచురించలేదు. దశాబ్దాలపాటు అల్మారాలో పడుంది.

ఆ మూడున్నరేళ్ళు ముందు మిలిటరీ గవర్నరు జె.ఎన్. చౌదరి, తర్వాత ఢిల్లీ నియమించిన ఐసీఎస్ అధికారి వెల్లోడి పాలించారు. జాగీర్దారీ రద్దు వంటి మంచి పనులూ జరిగాయి, ఒప్పుకుంటాను. కానీ బయటి ప్రాంతాల నుంచి అధికారులను తెచ్చి కుర్చీల్లో కూర్చోబెట్టారు. ఫలితం? 1952లోనే "నాన్ ముల్కీ గో బ్యాక్" అంటూ విద్యార్థులు రోడ్డెక్కారు, సెప్టెంబరులో సిటీ కాలేజీ దగ్గర పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. తెలుగువాడు తెలుగువాడి మీద పెత్తనానికి వస్తేనే తెలంగాణ భరించలేదే! టెక్సాస్ కుర్రాడు కాందహార్ గడప మీద బూటుకాలు పెడితే అఫ్ఘానీ భరించాలా?

ఇక కాబూల్ సంగతి. 2004లో అఫ్ఘానిస్తాన్‌లో మొదటి అధ్యక్ష ఎన్నిక జరిగినప్పుడు దాదాపు 80 లక్షలమంది ఓటేశారు. తాలిబన్ బెదిరింపులున్నా లైన్లలో నిలబడ్డారు. 2019లో? లెక్కకొచ్చిన ఓట్లు 18 లక్షలే. ఆ జనానికి జమ్హూరియత్ పడకపోతే మొదటిసారి 80 లక్షలమంది ఎందుకొచ్చారు? వాళ్ళు వచ్చారు. మోసపోయామని తెలుసుకుని వెనక్కి పోయారు.

ఎలా మోసపోయారో చూడండి. 2014 ఎన్నికలో ఇద్దరు అభ్యర్థులూ గెలుపు నాదంటే నాదన్నారు. తగువు తీర్చింది అక్కడి కోర్టు కాదు, అక్కడి ఎన్నికల సంఘం కాదు, అమెరికా విదేశాంగ మంత్రి జాన్ కెర్రీ. విమానం దిగి వచ్చి ఇద్దరికీ పదవులు పంచిపెట్టాడు. మరి ఓటేసినవాడి ఓటు ఏమైనట్టు? ప్రభుత్వ ఖర్చులో నాలుగింట మూడు వంతులు పరాయి దేశాల ఖైరాత్. జనం పన్నుతో బతకని హుకూమత్ జనానికి ఎందుకు భయపడుతుంది? చివరికి 2020 ఫిబ్రవరి 29న దోహాలో అమెరికా, తాలిబన్ కూర్చుని ఒప్పందం రాసుకున్నాయి. అఫ్ఘాన్ అవామ్ ఎన్నుకున్న ప్రభుత్వానికి ఆ గదిలో కుర్చీ కూడా వెయ్యలేదు. పద్దెనిమిది నెలల తర్వాత, 2021 ఆగస్టు 15న, కాబూల్ పడిపోయింది. పడిపోయింది జమ్హూరియత్ అంటారు. జమ్హూరియత్ అయితే దోహాలోనే దఫన్ అయింది.

ఇరాక్‌లో 2003 మే నెలలో అమెరికా అధికారి పాల్ బ్రెమర్ రెండు ఫర్మానాలు జారీ చేశాడు. బాత్ పార్టీ పెద్దలందరినీ ఉద్యోగాల నుంచి తీసెయ్యి. మొత్తం ఫౌజును రద్దు చెయ్యి. లక్షల ఇళ్ళల్లో పొయ్యి ఆరిపోయింది, తుపాకీ పట్టడం తెలిసిన చేతులు రోడ్డున పడ్డాయి. ఒక్క సంతకం. ఒక్క ఇరాకీ ఓటు కూడా దాని వెనక లేదు. ఆ తర్వాత ఎన్ని ఎన్నికలు పెడితే ఏం లాభం?

"మరి జపాన్, జర్మనీ?" అంటారు చదువుకున్నవాళ్ళు. జపాన్‌లో 1890 నుంచే పార్లమెంటు ఉంది. మగవాళ్ళందరికీ ఓటు 1925లోనే ఇచ్చుకున్నారు. జర్మనీ హిట్లర్‌కు ముందు పద్నాలుగేళ్ళు రిపబ్లిక్‌గా బతికింది. పార్టీలు, పత్రికలు, కార్మిక సంఘాలు ముందే ఉన్నాయి. అక్కడ కూడా ఉన్నదాన్ని తిరిగి లేపారే తప్ప లేనిదాన్ని తెచ్చిపెట్టలేదు. మన జోగిపేట సభ చేసిన పనే అక్కడ ఇంకోపేరుతో ముందే జరిగి ఉంది.

ఇక నా రెండో హక్కు దగ్గరికి, మా పల్నాడు దగ్గరికి వస్తాను. ఓడినవాడు ఊళ్ళో బతకగలగడం.

పల్నాటి వీరచరిత్ర పిల్లవాడికి కూడా తెలుసు. కోడిపందెంలో ఓడినందుకు బ్రహ్మనాయుడి పక్షం ఏడేళ్ళు మాచర్ల విడిచి పోవాల్సి వచ్చింది. తిరిగొచ్చి మా వాటా మాకివ్వండి అంటే ఇవ్వనన్నారు, కారెంపూడి నెత్తురుమడుగైంది. జాతులన్నిటినీ ఒక బంతిన కూర్చోబెట్టిన చాపకూడు కూడా ఇక్కడిదే, ఓడినవాణ్ణి ఊరు వెళ్ళగొట్టిన పందెం కూడా ఇక్కడిదే. మా సీమకు ఈ రెండూ వారసత్వమే.

ఆ పందెం షరతు ఇంకా పోలేదు. 2019లో ప్రభుత్వం మారాక మా వాళ్ళను ఊళ్ళ నుంచి తరిమేశారంటూ తెలుగుదేశం గుంటూరులో శిబిరం పెట్టింది, "చలో ఆత్మకూరు" అంది. 2021లో మాచర్ల, పిడుగురాళ్ళ మునిసిపాలిటీల్లో ఒక్క వార్డులోనూ పోటీ లేదు, అంతా ఏకగ్రీవం. 2024 మే 13న పాల్వాయి గేటు పోలింగ్ కేంద్రంలో ఈవీఎంను నేలకేసి కొట్టిన వీడియో దేశమంతా చూసింది, అప్పటి మాచర్ల ఎమ్మెల్యే మీదే కేసు పడింది. ఎన్నికల సంఘం జిల్లా ఎస్పీని సస్పెండ్ చేసింది, కలెక్టర్‌ను బదిలీ చేసింది. ఫలితాలొచ్చాక ఊళ్ళొదిలి పోతున్నాం అని ఈసారి వైఎస్సార్‌సీపీ వాళ్ళు అన్నారు. జెండా మారింది, షరతు మారలేదు. పిడుగురాళ్ళలో ఏ వార్డులోనూ ఒక్కడంటే ఒక్కడికి కూడా పోటీ చెయ్యాలని లేదంటే నమ్ముతారా? అది ఇత్తెఫాక్ కాదు, ఖౌఫ్.

"చూశావా, మేం చెప్పిందే, లాఠీ చాలు" అంటారు లాఠీ భక్తులు. ఆగండి. అదే 2024లో మాచర్లలో వరసగా గెలుస్తూ వచ్చిన ఎమ్మెల్యేని దించింది ఎవరు? లాఠీనా, ట్యాంకా? ఎండలో, భయంలో, రాళ్ళు పడుతున్నా లైన్లలో నిలబడ్డ పల్నాటి ఆడవాళ్ళు, కూలీలు. ఈవీఎం పగిలిందని వాళ్ళు ఇంటికి పోలేదు. ఈ జనానికి ఓటు అక్కర్లేదనడానికి మీకు నోరెలా వస్తుంది?

రోగం జనంలో లేదు. గెలిచినవాడికి ఊరు మొత్తం రాసిచ్చే పద్ధతిలో ఉంది. కాంట్రాక్టు, రేషన్ డీలరు, ఇసుక, స్టేషన్లో ఎస్సై పోస్టింగు, చివరికి పొలానికి దారి కూడా గెలిచినవాడివే అయినప్పుడు, ఓటమి అంటే జీవన్మరణ సమస్య. అప్పుడు ఓటు ఓటుగా ఉండదు, కోడిపందెమే అవుతుంది. ఈ మందు రాజ్యాంగమే 75 ఏళ్ళుగా మా ఊళ్ళకు పూర్తిగా చేర్చలేకపోయింది, అదీ మనం రాసుకున్న దస్తూర్, మన జడ్జీలు, మన పోలీసు ఉండి. బి-52 విమానం చేరుస్తుందా?

ఇప్పుడు నా కౌమ్‌తో రెండు మాటలు. కొంచెం చేదుగా ఉంటాయి.

కాబూల్ పడినప్పుడు మనలో కొందరు నౌజవాన్లు ఖుషీ అయ్యారు. పరాయి ఫౌజు పోయింది సరే, ఆడపిల్ల హైస్కూలు గేటు కూడా దాటలేని హుకూమత్ వస్తే అందులో ఖుషీ ఏముంది? అమెరికాకు అఫ్ఘాన్ అవామ్ ఓటు వెయ్యలేదు, నిజమే. తాలిబన్‌కు మాత్రం ఎప్పుడు వేశారు? నా కొలబద్ద ఒక్కటే, అది ఇద్దరికీ వర్తిస్తుంది. దించలేని హుకూమత్ పరాయిదే, అది మన జబాన్ మాట్లాడినా, మన నమాజే చదివినా.

"జమ్హూరియత్ మనది కాదు, ఫిరంగీల సరుకు" అనేవాళ్ళు ఇంకొందరు. ఖుర్ఆన్‌లో షూరా పేరుతో ఒక సూరానే ఉంది. షూరా అంటే మష్వరా, కలిసి ఆలోచించి నిర్ణయించుకోవడం. ఆ మాట మనకు వాషింగ్టన్ నేర్పలేదు.

మరి మన మష్వరా ఎలా ఉంది? మన మసీదు కమిటీకి ఎన్నిక చివరిసారి ఎప్పుడు జరిగిందో మీలో ఎంతమందికి గుర్తుంది? వక్ఫ్ భూమి కౌలు ఎంతొస్తోందో, ఎటు పోతోందో జుమ్మా రోజు లేచి అడగగలిగే ధైర్యం ఎంతమందికి ఉంది? అడిగినవాణ్ణి మరుసటి జుమ్మాకు అందరూ సలాం చెప్పి పక్కన కూర్చోనిస్తారా? కమిటీ సదర్ కుర్చీ బాప్ నుంచి బేటాకు పోతుంటే నోరు మూసుకుని కూర్చునే మనం, బాగ్దాద్‌లో జమ్హూరియత్ ఎందుకు నిలబడలేదని తఖ్రీర్లు ఇవ్వడం ఏం న్యాయం?

మా పల్నాటి సోదరులందరికీ, ఏ జెండా మోసేవాళ్ళకైనా, నాది ఒకటే దర్‌ఖాస్తు. రేపు పంచాయతీ, మునిసిపల్ ఎన్నికలు వస్తాయి. మీ పార్టీ గెలవాలని కోరుకోండి, కష్టపడండి. దాంతోపాటు అవతలి పార్టీవాడు నామినేషన్ వెయ్యడానికి పోతుంటే దారిలో ఆపకండి, ఆపేవాడితో కలవకండి. లెక్కింపు అయిన రాత్రి ఓడినవాడి ఇంటి మీద రాయి పడకుండా గెలిచినవాళ్ళే కాపలా కాయండి. అవతలి పార్టీ కార్యకర్త పొలానికి నీళ్ళు, పిల్లవాడికి పింఛను కాగితం మీద సంతకం ఆపకండి. ఈ పని చెయ్యడానికి ఏ దేశం ఫౌజూ రానక్కర్లేదు, వచ్చినా చెయ్యలేదు.

ఓడినవాడు తెల్లారి లేచి టీ కొట్టు దగ్గరికి వచ్చి గెలిచినవాడి పక్కనే నిలబడి చాయ్ తాగగలిగిన ఊళ్ళో జమ్హూరియత్ ఉన్నట్టు. అది మాచర్ల అయినా సరే, మజారే షరీఫ్ అయినా సరే.

ఖుదా హాఫిజ్.